బండముక్కల బడి

"మళ్లీ మొదట్నుంచి చెప్పండి!" అంది లక్ష్మీనరసమ్మ, చేతిలోని పుల్లతో నేల మీద కొట్టి.

తుమ్మచెట్టు నీడలో కూర్చున్న ముగ్గురూ గొంతెత్తారు. తొమ్మిదేళ్ల ముత్యాలప్ప అందరికంటే గట్టిగా చెబుతున్నాడు. ఏడేళ్ల ఆదెన్న అన్న నోటివంక చూస్తూ ఒక్కో మాట వెనకపడుతున్నాడు. ఐదేళ్ల కదిరమ్మ నోరైతే కదుపుతోంది గానీ, ఏ క్షణమైనా ఏడ్చేలా ఉంది.

ముగ్గురూ చెబుతున్నది ఐదో తరగతి తెలుగు వాచకంలోని పాఠం. కదిరమ్మకు ఇంకా 'అ' దిద్దడమే రాదు.

ఆ ఏడు వాళ్ల ఊరున్న కంబదూరు వైపు వానలు లేవు. గొర్రెలకు గడ్డిపోచ దొరకలేదు. వాళ్ల నాయన బయ్యన్న మందను తోలుకుని, నలుగురు పిల్లలతో, తన తల్లి చౌడమ్మతో తాడిపత్రి దగ్గరి పొలాలకు వచ్చాడు. పిల్లల అమ్మ కాన్పుకని పుట్టింట్లో ఉండిపోయింది. మంద ఎవరి పొలంలో పడుకుంటే ఆ పొలానికి ఎరువు. అందుకు ఆ రైతు జొన్నలిస్తాడు. నాలుగు రోజులకొకసారి పొలం మారుతుంది, దాంతోపాటే పొయ్యిరాళ్లూ మారతాయి. ఇక బడి మాటెక్కడ?

బయలుదేరే ముందు ఊరి బడిలోని హనుమంతప్ప సారు లక్ష్మీనరసమ్మను పిలిచాడు.

"జూన్‌లో బడి తెరిచేనాటికి వస్తారు కదా. అప్పుడు మీకందరికీ నేనే పరీక్ష పెడతా. అంతవరకు తమ్ముళ్లకు, చెల్లెలికి నువ్వే చదువు చెప్పు పాపా. ఎవరికేం చెప్పాలో నువ్వే చూసుకో" అన్నాడు.

పక్కనే ఉన్న బయ్యన్న ఇంకో మాట కలిపాడు. "మా ముత్యాలప్ప మూడో తరగతి ఒకసారి తప్పినాడు సార్. ఈసారీ తప్పితే ఇంక బడి వద్దు. గొర్రెల ఎనకే."

ముత్యాలప్ప ఆ రోజంతా మూడో తరగతి పుస్తకాన్ని చంకలోంచి దించలేదు.

సంచిలో మూడు వాచకాలున్నాయి. ఒకటోది, మూడోది, ఐదోది. లక్ష్మీనరసమ్మ ఎక్కువ ఆలోచించలేదు. అందరికీ ఐదోదే చాలనుకుంది. పెద్దది వస్తే చిన్నది దానంతటదే రాదా? పైగా తన పరీక్షకు కావలసింది కూడా అదే పుస్తకం. ఈ రెండో సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

చదువుకు ఒకటే అడ్డం, గొర్రెపిల్లలు. పొద్దున తల్లులు మేతకు పోతే, చిన్నపిల్లలు సాయంత్రందాకా ముళ్లకంప దొడ్డిలోనే ఉంటాయి. వాటిని చూసుకోవడం లక్ష్మీనరసమ్మ పని. అవి ఒకటే అరుస్తాయి, సందు దొరికితే బయటికి దూరతాయి. ఆ పొద్దున తెల్లచెవి పిల్ల ఎలా వచ్చిందో వచ్చి, మూడో తరగతి పుస్తకం మూల కొరికి నమిలేసింది.

"అక్కా, నా పుస్తకం!" ముత్యాలప్ప కేకపెట్టాడు.

లక్ష్మీనరసమ్మకు చిర్రెత్తింది. అవ్వ నీళ్లకు పోయింది. మంద ఇంకా కనుచూపు మేరలోనే ఉంది. విసవిసా నడిచి దొడ్డికి అడ్డంపెట్టిన కంప లాగేసింది.

"పోండి! మీ అమ్మల దగ్గరికే పోండి!"

గొర్రెపిల్లలన్నీ గెంతుకుంటూ మంద వెనక పరుగెత్తాయి. హమ్మయ్య అనుకుని ఆమె మళ్లీ పుల్ల అందుకుంది.

మధ్యాహ్నం బయ్యన్న తిరిగొచ్చాడు. ఆయన భుజం మీద తెల్లచెవి పిల్ల మెడ వేలాడేసి ఉంది. వెనక దాని తల్లి. ఆ వెనక మిగతా పిల్లలు కుంటుకుంటూ వస్తున్నాయి. మందను నీళ్ల దగ్గర తోటి కాపరికి అప్పగించి వచ్చాడాయన.

"ఎవరు ఇడిసిపెట్టినారు?"

"నేనే నాయనా. చదువుకు అడ్డమొస్తాండాయని..."

"పదకొండు దినాల పిల్లమ్మే ఇది! మంద ఎనక రెండు మైళ్లు నడుస్తాదా? రాళ్లు కాలతాండాయి, కాలు పెట్టలేకుండాం!"

నాయన తిట్టడం ఆమెకు కొత్తకాదు. కానీ ఆ పిల్లను దించితే నిలబడలేదు. కాళ్లు వణికి అలాగే కూలబడింది. లక్ష్మీనరసమ్మ పక్కనే చతికిలబడి దాని తలను ఒళ్లోకి తీసుకుంది.

అప్పటికే నీళ్లతో వచ్చిన అవ్వ చౌడమ్మ కడవ దించి, తల్లి గొర్రె పాలు గిన్నెలోకి పిండింది. గుడ్డపీలిక తడిపి పిల్ల నోట్లో చుక్క చుక్కగా పిండుతూ, మిగతావాటిని చూపించింది.

"చూడమ్మే. ఇదీ, ఆ రెండూ పాలు తప్ప ఏమీ ముట్టవు. ఆ నాలుగూ చిగురు కొరుకుతాండాయి, వాటికి కొమ్మలు కట్టాల. ఆ మూలనుండాదే పెద్దది, అదొక్కటే మంద ఎనక పోగలదు. అన్నిటినీ ఒకే గాటన కడితే ఎట్ల?"

చెట్టుకింద కదిరమ్మ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. బుగ్గల మీద కన్నీటి చారలు ఇంకా ఆరలేదు. లక్ష్మీనరసమ్మ చెల్లెలి వైపు చూసింది. తర్వాత ముత్యాలప్పను పిలిచి, పాఠం నడుమ ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఇదేంది రా?"

ముత్యాలప్ప గొంతెత్తి మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు.

"మొదట్నుంచి కాదు. ఈ ఒక్క మాట."

వాడి గొంతు దిగిపోయింది. "అట్ల రాదక్కా. మొదట్నుంచి చెప్తేనే వస్తాది."

మూడో తరగతి పుస్తకం తెరిచింది. అందులోనూ అంతే. లక్ష్మీనరసమ్మకు భయం వేసింది. నెల గడిచిపోయింది. వీడికి చదవడం రాదు!

"అంత గట్టిగా చెప్తాంటే వచ్చిందనుకుంటినే!"

"గట్టిగా చెప్తే నువ్వు ఇంకేమీ అడగవు గదక్కా" అన్నాడు వాడు తలొంచుకుని.

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "తప్పు నాదిలే రా" అంది.

మర్నాడు తెల్లచెవి పిల్ల తనంతట తానే లేచి తల్లి పొదుగు వెతుక్కుంది. అది చూశాకే లక్ష్మీనరసమ్మ రోడ్డు మీదికి పోయింది. ఇళ్లలో నేలకు పరిచే బండలు నింపుకున్న లారీలు తాడిపత్రి నుంచి ఆ దారినే పోతాయి. గుంతలో చక్రం పడితే ఒకటో రెండో బండలు జారి పగులుతాయి. నున్నటి నల్లటి ముక్కలు మూడు ఏరుకొచ్చింది. అన్నిటికంటే చిన్నది కదిరమ్మకిచ్చి, దాని మీద సుద్దముక్కతో 'అ' రాసిపెట్టింది.

"దీన్నే దిద్దు. ఇంకేమీ వద్దు."

"అంతేనా?" అంది కదిరమ్మ, నమ్మకం కుదరనట్టు.

ఆదెన్నకు ఒకటో తరగతి పుస్తకం. ముత్యాలప్పకూ అదే అనేసరికి వాడు ముఖం ముడుచుకున్నాడు.

"నేను మూడు! చిన్నోనితో కూర్చుంటే నాకు సిగ్గు గాదా?"

లక్ష్మీనరసమ్మ కొంచెం ఆలోచించింది. "సరే, ఆదెన్నకు నువ్వే చెప్పు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చెప్పాల. చెప్పేవానికి సిగ్గేముండాది?"

అలా వాడు రాని మాటలు ముందే అక్కను అడిగి తెలుసుకుని, తమ్ముడికి చెబుతూ తానూ నేర్చుకున్నాడు. రెండు వారాలకు ఒకటో పుస్తకం అయిపోయింది. అప్పుడు మూల కొరికిన మూడోది తీశాడు. ఇక ఐదోదాన్ని లక్ష్మీనరసమ్మ దొడ్డి దగ్గర కూర్చుని, కొమ్మలు కట్టాక, ఒక్కతే చదువుకునేది.

జూన్‌లో తొలివాన పడింది. మంద ఊరు చేరింది. బడి తెరిచిన రోజు బయ్యన్న గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. తప్పితే ముత్యాలప్పను అక్కణ్ణుంచే తోలుకుపోయేలా ఉన్నాడు.

హనుమంతప్ప సారు మూడో తరగతి పుస్తకం నడుమ ఎక్కడో తెరిచాడు. "ఈడ్నుంచి చదువు."

ముత్యాలప్ప గొంతెత్తలేదు. మాట మీద వేలు పెట్టాడు. చదివాడు. వేలు జరిపాడు. ఒకచోట ఆగిపోయాడు. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఆ మాట చెప్పి ముందుకు పోయాడు.

"నిదానంగా చదివినాడు" అన్నాడు సారు బయ్యన్నతో. "కానీ చదివినాడప్పా. నాలుగులో కూర్చోబెడతాండా."

బయ్యన్న కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అయితే నేను పోతా. గొర్రెలుండాయి" అని, కొడుకును వదిలి వెళ్లిపోయాడు.

లక్ష్మీనరసమ్మ కూడా ఐదు గట్టెక్కింది. ఆమె లేవబోతుంటే సారు ఆపాడు. కొత్తగా చేరడానికి పిల్లలు గుంపుగా వచ్చారు. రిజిస్టరు రాయాలి, చూస్తే ఆయన ఒక్కడే.

"పాపా, కాసేపు ఈ పిల్లోళ్లను చూసుకో. ఏదో ఒక పాఠం అందరితో చెప్పించు" అని బల్లమీది పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

లక్ష్మీనరసమ్మ ఆ పుస్తకాన్ని మూసే ఉంచి కిటికీలో పెట్టింది. చెల్లెలి సంచిలోంచి నల్ల బండముక్క తీసుకుని, చివరన ముడుచుకుని కూర్చున్న పిల్లవాడి పక్కన చేరింది.

"నీకేమొస్తాది?"

"ఏమీ రాదక్కా."

"అయితే ఆడ్నుంచే మొదలుపెడదాం" అంది, సుద్దముక్క వాడి చేతికిచ్చి.