పెద్దమ్మ గేటు ముందు ఆగే కారు

ఆ మలుపు మంచిది కాదు. ఇది నా మాట కాదు, ఊరంతా చెప్పే మాట. ఊరు చెప్పేదాంట్లో సగమే నిజమనీ, మిగతా సగం నేను కలిపిందనీ గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి.

మలుపులో ఉన్నది పెద్దమ్మ ఇల్లు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అప్పట్నుంచీ తలుపుకి తాళమే. కానీ ఆకు కదలని రాత్రి కూడా ఆ ఇంటి గేటు కదులుతుంది. కీ... చ్... అని సాగదీసి, ఎవరో నెమ్మదిగా తోసినట్టు.

ఆవిడ బతికున్నన్నాళ్లూ అదే గేటు కిక్కురుమనలేదు. పెద్దమ్మకి తెలిసిన వైద్యం ఒక్కటే, నూనె. తలుపు బిగుసుకుంటే నూనె, మోకాలు పట్టేస్తే నూనె, పిల్లాడికి లెక్కలు రాకపోతే మాడుకి నూనె. అదీ తనే కాచుకున్న తలనూనె. ముందు ఆ వాసన వచ్చేది, వెనక ఆవిడ వచ్చేది.

ఇదంతా జరిగింది ఆవిడ చెల్లెలి కొడుక్కి. ఫొటోగ్రాఫరు. అందరినీ నవ్వమంటాడు గానీ తను నవ్వగా ఎవరూ చూడలేదు. పట్నంలో స్టూడియో మూసేసి రోజూ రాత్రి కారులో ఇంటికొస్తాడు. దారి పొడుగునా కారు గుర్రంలా పరిగెత్తేది. సరిగ్గా పెద్దమ్మ గేటు ముందుకి రాగానే... ఇంజను ఒక్కసారి ఎగశ్వాస తీసి, చచ్చిపోయేది.

నిశ్శబ్దం. తర్వాత గేటు — కీ... చ్...

ఆ తర్వాత కారులోకి, మెల్లగా... తలనూనె వాసన.

"పెద్దమ్మా, నేనే," అని గొణిగేవాడట, బళ్లో హాజరు పలికినట్టు. నాలుగైదుసార్లు తాళం తిప్పితే బండి దగ్గుకుంటూ కదిలేది.

మామూలుగా అయితే మేం ఈ సంగతి చెప్పుకుని, కాస్త వణికి, హాయిగా పడుకునేవాళ్లం. కానీ అతని భార్యకి నెలలు నిండాయి. ఆస్పత్రి పట్నంలో ఉంది. దారి ఒక్కటే, ఆ మలుపు మీంచి. నొప్పులు రాత్రిపూట వస్తే?

"నా బిడ్డ ఆ గేటు ముందే పుడుతుందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

మెకానిక్‌ని పిలిచారు. మా మెకానిక్ పేరు పదినిమిషాలు. ఏ పని చెప్పినా "పది నిమిషాలు" అంటాడు, లారీ ఇంజను దింపాలన్నా సరే. ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. పట్టపగలు మలుపు దాకా నడిపి చూశాడు. కారు ఆగలేదు. ఎలా ఆగుతుంది? గేటు కనపడగానే యాక్సిలరేటరు మీద లేచి నిలబడ్డాడట.

"బండిలో లోపం లేదు," అన్నాడు తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ. "అవతలివాళ్లతోనే మాట్లాడుకోండి."

"అవతల ఉన్నది మా అక్క," అంది ఫొటోగ్రాఫరు తల్లి. "మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే అన్నాను పిన్నిగారూ. అవతలి వాళ్లు అన్నాను గదా!"

చివరికి ఆ అమ్మాయే తేల్చింది. నొప్పులొచ్చిన రోజు మెకానిక్ కూడా కారులో రావాలి. అతను నీళ్లు నమిలాడు. మెకానిక్ భార్య మాత్రం వెంటనే ఒప్పేసుకుంది.

నొప్పులు రాత్రే వచ్చాయి.

ముందు సీట్లో మెకానిక్, పానాల సంచి ఒళ్లో పెట్టుకుని. వెనక ఆ అమ్మాయి, పక్కన అత్తగారు. మలుపు వచ్చింది... గోడ కనిపించింది... గేటు...

ఇంజను ఎగశ్వాస తీసింది.

ఆగిపోయింది.

కీ... చ్...

"అక్కా," అంది పెద్దావిడ సన్నగా, "ఇవాళొద్దే. రేపు ఆపుకుందువుగాని."

తలనూనె వాసన మొదలైంది. మెకానిక్ సంచిని గుండెకి హత్తుకున్నాడు.

"దిగు," అన్నాడు ఫొటోగ్రాఫరు గుసగుసగా.

"నువ్వు దిగు. మీ పెద్దమ్మేగా."

"అన్నయ్యా..." వెనకనుంచి ఆ అమ్మాయి, పళ్లు బిగించి. "మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?"

దెయ్యమైనా ఆ గొంతు వింటే దిగుతుంది. మెకానిక్ దిగాడు. బానెట్ ఎత్తాడు.

గుప్పుమంది వాసన. గేటు వైపు నుంచి కాదు... ఇంటి వైపు నుంచి కాదు... ఇంజనులోంచి!

ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీశాడు. లోపల ఫిల్టరు నల్లగా నిగనిగలాడుతూ, తలంటికి కూర్చోబెట్టిన పిల్లాడిలా నూనె కారుతోంది.

"తాళం తిప్పు," అన్నాడు. దగ్గుతూ అంటుకుంది. ఫిల్టరు పక్క గొట్టంలో ఒక సెన్సరుంటుంది. స్క్రూడ్రైవరు పిడితో దాన్ని మెల్లగా తట్టాడు. తట్టినప్పుడల్లా ఇంజను ఎక్కిళ్లు పెట్టింది, చివరికి ఆగిపోయింది. అప్పుడు సెన్సరు వైరు పీకేశాడు.

"ఇప్పుడు తిప్పు."

అంటుకుంది. ఈసారి దగ్గలేదు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది.

"వెలగనీ! పోనియ్!"

దెయ్యం కాదని తేలింది కాబట్టి దారిలో అతని గొంతు లేచింది. "ఇంజను ఎంత గాలి పీలుస్తోందో కొలిచి చెప్పేదే ఆ సెన్సరు. లోపల వెంట్రుకంత తీగ ఉంటుంది. దానిమీద నూనె పేరుకుంది. ఎంత గాలి వచ్చినా కొంచెమే వచ్చిందని చెప్తోంది. అది నమ్మి ఇంజనుకి పెట్రోలూ కొంచెమే అందుతోంది. వైరు పీకేస్తే చెప్పుడు మాటలుండవు, బండి తన అంచనా మీద తను నడుస్తుంది."

మా ఊళ్లో కొన్ని కాపురాలు బాగుపడిందీ ఇలాగే. ఎవరివో చెప్పను. పాలకేంద్రం వీధిలోవి.

"మరి అక్కడే ఎందుకు ఆగుతోంది?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"మీరు... అక్కడే... కాలు తీసేస్తారు కాబట్టి!" అంది భార్య నొప్పికీ నొప్పికీ మధ్య. "అరుగు మీంచి పెద్దమ్మ చూసేదని స్పీడు తగ్గించేవారుగా. ఇంకా తగ్గిస్తూనే ఉన్నారు."

నిజమే. కాలు తీస్తే చాలు, ఆ ఇంజను ఊపిరాడక పోయేది. పట్నంలో సిగ్నళ్ల దగ్గరా ఆగేదట. కానీ అక్కడ మనకి తెలిసినవాళ్లెవరూ చచ్చిపోలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

"ఇంతకీ ఫిల్టరుకి నూనె పెట్టిందెవరు?" అన్నాడు మెకానిక్.

వెనక సీట్లో పెద్దావిడ కిటికీలోంచి చీకటిని చాలా శ్రద్ధగా చూస్తోంది.

"అమ్మా?"

"దుమ్ము దులపాలని నువ్వే తీసి వరండాలో పెట్టావు. ఎండిన జుట్టులా ఉంది, పాపం. అక్క సీసాలో అడుగున ఉన్నదంతా పట్టించాను. నువ్వు ఫోను మాట్లాడుతూ అలాగే బిగించేశావు. తప్పెవరిది?"

తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. మెకానిక్ సెన్సరుని మందు కొట్టి కడిగాడు, ఫిల్టరు కొత్తది వేశాడు. నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. ఊరు ఇంకా తేరుకోలేదు.

పాపని ఇంటికి తెచ్చేటప్పటికి చీకటి పడింది. మెప్పు కోసం మెకానిక్ కూడా ఎక్కాడు. వాసన లేదు, దగ్గు లేదు. మలుపు వచ్చింది... గేటు వచ్చింది...

కారు ఆగిపోయింది.

మెకానిక్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నేను... నేను శుభ్రంగానే కడిగాను..."

"బ్రేకు నేనే వేశాను," అన్నాడు ఫొటోగ్రాఫరు. "పాపని చూపించి వెళ్దాం." అని నవ్వాడు. చూసినవాళ్లు ముగ్గురున్నారు కాబట్టి నమ్ముతున్నాను.

పాపని ఎత్తుకుని దిగి, గేటు తోశాడు.

తెరుచుకుంది. బార్లా. మెత్తగా.

కీచుమనలేదు.

మెకానిక్ గేటు బందు మీద వేలు పెట్టి చూశాడు. తడి. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు... తలనూనె.

"పిన్నిగారూ... ఆ సీసా..."

"ఎప్పుడో అయిపోయింది, నాయనా."

నేను ఊరంతా ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఆ గేటుకి నూనె పెట్టింది నేనేనని ఒక్కరూ చెప్పలేదు. మా ఊళ్లో పని చేసి కూడా చెప్పుకోనివాళ్లు, బతికున్నవాళ్లలో అయితే, ఒక్కరూ లేరు.