పదహారు వేల రొట్టెలు

"యుద్ధంలో ఆ కాలువ గట్టున మనవాళ్లు నాలుగు వేల మంది. ఎనిమిది వేలని శత్రువును నమ్మించావు. ఇవాళ ఉన్నది ఆరు వందలే. మళ్లీ నమ్మించు."

కైరో గూఢచారి ఆఫీసులో పై అధికారి లుత్ఫీ బే మిషన్‌ను ఇంత తేలిగ్గా చెప్పేశాడు. ఏజెంట్ సఫ్వత్‌కు పాత సంగతంతా గుర్తొచ్చింది. 1969లో అతను చేసిందల్లా ఒక చిట్టీ రాయడం. అప్పట్లో సిపాయికి రోజుకు రెండు రొట్టెలు. ఇస్మాయిలియాలోని దర్దీరి బేకరీకి పదహారు వేల రొట్టెలు ఆర్డరిచ్చాడు. శత్రు గూఢచారులు రొట్టెలు లెక్కపెట్టారు, నమ్మారు. మూడో రోజు బాంబులు ముందు బేకరీ మీదే పడ్డాయి. యజమాని దర్దీరి, నలుగురు పనివాళ్లు పోయారు. సఫ్వత్‌కు పతకం వచ్చింది. పదిహేడేళ్లుగా రొట్టె తుంచినప్పుడల్లా ఆ పతకం గొంతుకు అడ్డం పడుతూనే ఉంది.

ఇప్పుడొక విదేశీ ముఠా అదే లెక్క మొదలుపెట్టింది. వాళ్ల రహస్య పత్రం లుత్ఫీ బే చేతికి చిక్కింది. రొట్టెలు రెండు వేల లోపుంటే క్యాంపు మీద దాడి. పది వేలు దాటితే, తిండి ఆపడానికి ముందు బేకరీ పేల్చివేత. మధ్యలో ఉంటే పని మానుకుని వెనక్కి. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, కోడ్ నేమ్ మల్లె. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె వాళ్లకు 'పదహారు' అని, అంటే పదహారు వేల రొట్టెలని, పంపాలి. ఆలోపు బేకరీకి చిట్టీ అందాలి.

"మరి బేకరీ, సార్?"

"క్యాంపు మిగులుతుంది కదా," అన్నాడు లుత్ఫీ బే, ఫైలు మూస్తూ.

సఫ్వత్ రొట్టెలవాడి వేషంలో, నెత్తిన తట్టతో, సైకిల్ మీద ఇస్మాయిలియాలో మళ్లీ కట్టిన ఆ బేకరీ చేరాడు. పొయ్యి దగ్గర దర్దీరి కొడుకు. అచ్చం తండ్రి ముఖమే. చిట్టీ తీయబోతే చెయ్యి జేబులోనే ఉండిపోయింది. మాటల్లో పెట్టి, క్యాంపుకు రోజూ ఎన్ని వెళ్తాయని అడిగాడు. ఆరు వేలట.

"ఆరు వందల మందికా?"

"మనుషులు తినేది పన్నెండొందలే అన్నా. మిగతావి కమాండర్ గారి కోళ్లకి."

సఫ్వత్ గడియారం చూశాడు. ఐదు నిమిషాలే ఉంది. ఎదురుగా కాఫీ హోటల్లో నల్ల కళ్లద్దాల మల్లె కూర్చుని ఉంది. చేతిలో పౌడర్ డబ్బా, దాని అద్దం వెనక ట్రాన్స్‌మిటర్. సఫ్వత్ తట్టతో దగ్గరికెళ్లగానే ఆమె అడిగింది.

"రొట్టె వేడిగా ఉందా, బాబాయ్?"

"చేతులు కాలేంత."

కోడ్ కలిసింది. ఆమె వేలు అప్పటికే 'ఒకటి' నొక్కేసింది. దాన్ని చెరిపేసి ఒట్టి 'ఆరు' పంపమన్నాడు సఫ్వత్. పదహారని ఆర్డర్ కదా అందామె. ఇక దాచలేక ముఠా షరతు, 1969 నాటి చిట్టీ, చచ్చిపోయిన ఐదుగురి సంగతి గబగబా చెప్పేశాడు.

ఆమె కళ్లద్దాలు తీసింది.

"ఆ చిట్టీ రాసింది మీరా? దర్దీరి మా నాన్న. ఆ పొయ్యి దగ్గరున్నది మా అన్న."

"నేనే రాశానమ్మా. క్షమించమని అడగను. అన్ననైనా దక్కించుకో."

గడియారంలో ముల్లు పన్నెండు మీదకు వస్తుండగా ఆమె ఆ 'ఒకటి' చెరిపేసింది. 'ఆరు' వెళ్లిపోయింది. తట్టలోంచి అతను అందించిన రొట్టెను ముట్టుకోకుండా ఆమె లేచి వెళ్లిపోయింది.

ముఠా వెనక్కి తగ్గింది. మర్నాడు పోర్ట్ సయీద్‌లో ఓడ ఎక్కుతూ దొరికిపోయింది. లుత్ఫీ బే పొంగిపోయి, ఇంకో పతకానికి సిఫార్సు చేస్తానన్నాడు.

సఫ్వత్ పాత పతకం తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ కొత్తది కమాండర్ గారి కోళ్లకివ్వండి సార్. ఇదీ కలిపి."