సాసరున్న కప్పు

ఉక్కునగరం క్వార్టర్లలో సీ షిఫ్టు వారం వచ్చిందంటే పగలే రాత్రి. రాత్రంతా ప్లాంటులో వేడికి మాడి వచ్చిన మనిషి పడుకోవాలి కదా! అందుకే యోహాన్ గారింట్లో కిటికీలకి దుప్పట్లు కట్టేవారు. మాటలు బంద్. వంటింట్లోంచి పక్కగదికి ఏం చెప్పాలన్నా "మనిల్లు" అనే వాట్సాప్ గ్రూపులోనే.

కూతురు కేథరిన్‌కి పన్నెండో ఏటి నుంచీ అదే అలవాటు. ఇప్పుడు పంతొమ్మిది. షిఫ్టు మారినా గదిలోంచి వచ్చేది కాదు. తలుపు దగ్గర టీ పెడితే చెయ్యి బయటికొచ్చి తీసుకునేది, అంతే! గ్రూపులో బొమ్మ నవ్వితే చాలు, తను నవ్వే పని తప్పింది. గ్రూపులో పెట్టుకున్న ఫొటోలో మాత్రం ముఖం నున్నగా, కళ్ళు పెద్దవిగా దిద్దుకుంది. అది చూసి తల్లి ప్రేమలీల మురిసిపోయేది.

ఓ సీ షిఫ్టు మధ్యాహ్నం కేథరిన్ ఫోను నీళ్ళ బకెట్లో పడింది. పిల్లకి ప్రాణం పోయినంత పనైంది. తుడిచి, తడి లాగేస్తుందని వంటింట్లో బియ్యం డబ్బా అడుగున పాతిపెట్టింది. గంటసేపు గదిలో ఏం తోచక కూర్చుని, మళ్ళీ బయటికొచ్చింది.

వంటిల్లు చీకటిగా ఉంది. తడి బియ్యం వాసన. పొయ్యి దగ్గర తల్లి తన ఫోను చూసుకుంటూ నవ్వుతోంది.

"అమ్మా..."

ప్రేమలీల తిరిగి చూసింది. పరాయివాళ్ళ ముందు సర్దుకున్నట్టు పైట సర్దుకుంది.

"ఎవరమ్మా? మా కేథరిన్ కోసమా? లోపలుంది. ఇప్పుడే టీ అడిగింది."

"ఏటమ్మా అలాగంటావు? నానే... కేథరిన్‌ని!"

"ష్... ఆయన పడుకున్నారు." తల్లి ఫోను తిప్పి చూపించింది. నున్నటి ముఖం, పెద్ద కళ్ళు. "ఇదిగో, మా పిల్ల."

ఆ ముఖం పక్కనే కొత్త మెసేజి పడింది. "ఎవరమ్మా వచ్చింది? పంపించెయ్."

నాన్న! నాన్న గుర్తుపడతాడు, తన గొంతు వింటే చాలు. గట్టిగా అరుద్దామని నోరు తెరిచింది. గుసగుస దాటి గొంతు రాలేదు. ఏడేళ్ళు అణిచిపెట్టిన గొంతు... ఉత్త గాలి వచ్చింది.

పరుగెత్తి తండ్రి భుజం పట్టుకుని కుదిపింది. యోహాన్ కళ్ళు తెరిచాడు. చూశాడు. దిండు కింద ఫోను తడుముకుని గ్రూపులో పెట్టాడు: "ఎవరో పిల్ల నా గదిలోకి వచ్చేసింది."

ప్రేమలీల మంచిమనిషి, కసురుకోలేదు. చెయ్యి పట్టుకుని ముందుగదిలో కూర్చోబెట్టింది.

"ఏడవకమ్మా. టీ తాగి ఎల్దువుగాని."

అద్దాల బీరువా తెరిచి సాసరున్న కప్పు తీసింది. పాస్టరుగారు వస్తే తప్ప బయటికి రాని కప్పు. అది తన చేతికివ్వగానే కేథరిన్ వచ్చిన చుట్టంలా కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

కేథరిన్ రోజూ తాగే మగ్గులో కూడా టీ పోసి, మూసి ఉన్న గది తలుపు దగ్గర పెట్టింది తల్లి.

తలుపు బెత్తెడు తెరుచుకుంది... మగ్గు లోపలికి వెళ్ళింది.

కాసేపటికి ఖాళీ మగ్గు బయటికొచ్చింది. దాని అంచుకి రెండు తడి బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.