ఎత్తమని ఒకరే చెప్పాలి

చాందినీ మార్కెట్‌లో ఆశిష్‌దా ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో ఆ శనివారం మిగిలింది ఒకే ఒక్క మోటార్ డ్రైవర్ బోర్డు. దాని మీద ఒకేసారి రెండు చేతులు పడ్డాయి. ఒకటి ఉమామహేశ్‌ది, రెండోది ఎవరో అమ్మాయిది.

ఉమామహేశ్‌ది గుంటూరు. ఉద్యోగం బ్యాంకులో, పిచ్చి బుల్లి యంత్రాలు నడిపే ఆర్డునో బోర్డుల మీద. కోల్‌కతా వచ్చి రెండు నెలలే అయింది, బెంగాలీ ఇంకా నోట్లో తిరగడం లేదు. ఆ వచ్చీరాని భాషలోనే ముందొచ్చింది తనేనని వాదించి, మాటల్లో ఓడిపోయి, "గయ్యాళి" అని తెలుగులో గొణుక్కున్నాడు.

"ఏటన్నారు?" అందా అమ్మాయి.

మనవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అమ్మాయి పేరు రమాకుమారి. ఖిదిర్‌పూర్ పిల్ల, డిప్లొమా చివరి ఏడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన తండ్రి అప్పలసూరి ముప్పై రెండేళ్ళుగా ఓడరేవు డాక్‌లో క్రేన్ నడుపుతున్నాడు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయనతో పాటే ఆ క్రేన్‌నీ పాత ఇనుము కింద పంపేస్తారట. అందుకే గురువారం విశ్వకర్మ పూజలో, తోటివాళ్ళందరి ముందూ, ఆయన చేత ఒక బుల్లి క్రేన్ తిప్పించాలని రమ పంతం. బరువెత్తేటప్పుడు పచ్చ లైటు, ఆగితే ఎర్ర లైటు, అచ్చం ఆయన క్రేన్‌కి ఉన్నట్టే.

ఇంత విన్నాక బోర్డు వదులుకోకపోతే తను మనిషే కాదనుకున్నాడు ఉమామహేశ్. ఊరికే వదిలాడా, సలహా కూడా పారేశాడు. మోటారుకి వేరే బ్యాటరీ పెట్టాలని, లేకపోతే మోటారు తిరిగినప్పుడల్లా ఆర్డునో ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తుందని చెప్పాడు. సందేహాలొస్తే ఫోన్ చేయమని నంబరిచ్చాడు. తర్వాత నాలుగు రోజులు ఫోన్ వంక చూస్తూ గడిపాడు, పాపం.

అది బుధవారం సాయంత్రం మోగింది. "మీ సలహా విన్నందుకు మొత్తం పాడయిపోయింది. లైట్లు వెలుగుతన్నాయి, మోటారు కదలదు. రేపే పూజ," అంది రమ. గొంతులో ఏడుపు దాగడం లేదు.

కుండపోత వానలో బస్సెక్కి ఖిదిర్‌పూర్‌లో దిగేసరికి ఉమామహేశ్ తడిసి ముద్దయ్యాడు. రమ తల్లి జగ్గమ్మ ముందు తువ్వాలిచ్చి, తల తుడుచుకున్నాక ఎవరు నువ్వని అడిగింది. అప్పలసూరి పూజ ఏర్పాట్లకని డాక్‌కి వెళ్ళాడు. క్రేన్ చూడగానే సంగతి తెలిసిపోయింది. బ్యాటరీలు రెండూ విడివిడిగానే ఉన్నాయి గానీ, రెండిటి నల్ల వైర్లూ ఒకచోట కలపలేదు. కలపాలన్న ముక్క చెప్పడం మరిచిపోయింది తనే.

తప్పు తనదేనని ఒప్పుకుని వైర్లు కలిపాడు. మోటారు గిర్రున తిరిగింది. రమ మొహం విచ్చుకుంది. ఆ మొహం చూశాక మనవాడికిక నిద్ర పట్టే ఆశ లేదు.

రమ హుషారుగా డాక్ సైగలు నేర్పింది. క్రేన్ కింద సిగ్నల్‌మేన్ ఉంటాడట. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువెత్తాలి, రెండు చేతులూ అడ్డంగా చాస్తే ఆగాలి. వెనక్కి వచ్చే బస్సులో ఉమామహేశ్ అవే సాధన చేస్తుంటే పక్కాయన లేచి వేరే సీట్లోకి మారాడు.

మర్నాడు వాన వెలిసి ఆకాశం నిండా ఆ ఊళ్ళో విశ్వకర్మ పూజకి ఎగరేసే గాలిపటాలు. డాక్ షెడ్‌లో విగ్రహం ముందు బుల్లి క్రేన్, దాని కొక్కేనికి లడ్డూల బుట్ట. రమ బటన్ల డబ్బా తండ్రి చేతిలో పెట్టింది. ఆయన నొక్కలేదు. చుట్టూ చూస్తూ నిలబడ్డాడు. రమ కళ్ళలో నీళ్ళు తిరగడం, ఆమె పిలిస్తే పూజకొచ్చిన ఉమామహేశ్ చూశాడు.

"సిగ్నల్‌మేన్ ఏడి? సిగ్నల్ లేకుండా నానెప్పుడూ బరువెత్తలేదు," అన్నాడు అప్పలసూరి.

ఆయన సిగ్నల్‌మేన్ వెంకటేశు నిరుడే రిటైరై సొంతూరు వెళ్ళిపోయాడు. జనం మొహమొహాలు చూసుకుంటుంటే ఉమామహేశ్ ముందుకొచ్చి వేలెత్తి తిప్పాడు. పచ్చ లైటు వెలిగింది, బుట్ట లేచింది, రమ నవ్వింది. ఆ నవ్వు చూస్తూ మనవాడు బుట్ట సంగతే మరిచాడు. వేలు తిరుగుతూనే ఉంది, బుట్ట లేస్తూనే ఉంది. అది క్రేన్ కొసకి తగిలేలోగా రమ రెండు చేతులూ చాచింది. టక్కున ఎర్ర లైటు.

"ఆగమని ఎవులు సెప్పినా ఆగాల. ఎత్తమని మాత్రం ఒకలే సెప్పాల," అన్నాడు అప్పలసూరి తాపీగా. "సిగ్నలిచ్చీవోడు బరువుకేసి సూడాల బాబూ. నువ్వు మా పిల్లకేసి సూస్తన్నావు."

షెడ్డంతా నవ్వులు. ఇక దాచి లాభం లేదని, రమంటే తనకి ప్రాణమని, ఆమె ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటానని ఉమామహేశ్ అందరి ముందే చెప్పేశాడు.

అప్పలసూరి నవ్వలేదు. "నువ్వు బ్యాంకు ఆఫీసరువంట. మాది డాక్ కూలి బతుకు. రేపు మీవోళ్ళు ఆగమంటే?"

"ఆగుతానండి. కానీ దించను. వాళ్ళు సరేననేదాకా అలాగే పట్టుకునుంటాను."

గాలివానలో బరువు గాల్లో పట్టుకుని గంటల తరబడి కూర్చున్న మనిషి ఆయన. ఆ మాట విలువ ఆయనకి తెలుసు. కళ్ళు తుడుచుకుని కూతురి వైపు చూపించాడు. "నన్నడగొద్దు. సిగ్నల్ దానిది."

"అయితే నాను బరువునేటి?" అంది రమ.

ఉమామహేశ్ గబగబా లెంపలేసుకున్నాడు.

రమ అతన్నలా కాసేపు వేసుకోనిచ్చింది. తర్వాత వేలు పైకెత్తి, మెల్లగా, గుండ్రంగా తిప్పింది.