వెనక సందు కిటికీలో పెద్దావిడ

ఆ ఇంటి వెనక సందులోకి చీకటి పడ్డాక ఎవరూ అడుగు పెట్టరు. పనున్నవాళ్లు కూడా చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదనుంచే పోతారు. సందు ఏమంత గొప్పదీ కాదు — నాలుగిళ్ల వెనక గోడలు, ఒక కాలవ, చక్రాలు ఊడిపోయిన ఎవరిదో స్కూటరు. పగలైతే పిల్లి కూడా లెక్కచెయ్యదు. పొద్దుగూకితే మాత్రం...

మూడో ఇంటి వెనక గది కిటికీలో, పోయిన పెద్దావిడ కనబడుతుందట.

కనబడి ఊరుకున్నా బాగుండును. పలకరిస్తుందట!

ముందుగా చూసింది ఇస్త్రీ ఆయన. బట్టల మూట భుజాన వేసుకుని అడ్డదారిన పోతున్నాడు. గదిలో దీపం లేదు. కానీ ఏదో నీలంగా వెలుగు... ఆ వెలుగులో ఒక మొహం. గుమ్మడికాయంత మొహం. ముడతలు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు — మొన్న మొన్ననే అందరూ కలిసి సాగనంపిన మనిషే! ఆయన కాళ్లు ఉన్నచోటే అతుక్కుపోయాయి. అప్పుడా మొహం నోరు తెరిచి, గుసగుసగా...

"తిన్నావురా?"

అంది.

మూట కాలవలో పడింది. ఇస్త్రీ ఆయన ఎక్కడ పడ్డాడో ఆయనకే తెలీదు. ఆ మూటలో మన డైరెక్టరుగారి తెల్లచొక్కా ఉంది. దెయ్యం సంగతి ఆయన చెవిన పడింది అలాగే, చొక్కా కోసం పోట్లాటకి వెళ్లినప్పుడు.

డైరెక్టరంటే సినిమాలు తీసేవాడనుకునేరు. టైల్స్ షోరూములో సేల్స్‌మేన్. ఆ ఇంటికి అల్లుడు, అదీ ఇల్లరికపుటల్లుడు. డైరెక్టరన్న బిరుదు పెళ్లాం ఇచ్చింది. ఎందుకంటే పెళ్లికి వీడియోవాళ్లని పెట్టనివ్వలేదు ఈ మహానుభావుడు.

"వాళ్లకేం తెలుసు? ఎవరి పెళ్లయినా ఒకేలా చుట్టి పడేస్తారు. నాకు కంప్యూటరుంది, బుర్రుంది. నా పెళ్లి వీడియో నేనే చేసుకుంటా" అన్నాడు.

కంప్యూటరైతే అందరూ చూశారు. రెండోది చూపించమని ఎవరూ అడగలేదు, కొత్తల్లుడు కదా!

స్నేహితులిద్దరి చేతికి అరువు కెమెరాలిచ్చాడు. పెళ్లయ్యాక చుట్టాల ఫోన్లలో ఉన్నవన్నీ పోగేశాడు. ఇక కూర్చుని చెయ్యడమే తరువాయి. కానీ ఎక్కడ కూర్చోవాలి?

ఆ సమస్య పెద్దావిడే తీర్చింది. పెళ్లయిన కొద్దిరోజులకే నిద్రలో పోయింది. ఆవిడ మావగారి తల్లి. అత్తగారు ఎప్పుడో కాలం చేస్తే, ఇంటినీ మనవరాలినీ చక్కబెట్టుకొచ్చిన మనిషి. వెనక గది ఆవిడది. మంచం అటు వెళ్లిందో లేదో, కంప్యూటరు ఇటు వచ్చి కూర్చుంది. బీరువా ఒకటి మిగిలింది — నిలువుటద్దం ఉన్న పాత చెక్క బీరువా, కదిపితే ఊడిపోయేలా ఉందని కిటికీకి ఎదురుగా అలాగే వదిలేశారు.

"ఏమీ అనుకోకండి మావయ్యా, ఎడిటింగుకి నిశ్శబ్దం కావాలి" అన్నాడు డైరెక్టరు.

"ఎందుకనుకుంటాను బాబూ" అన్నాడు మావగారు.

ఆయన ఎప్పుడూ ఏమీ అనుకోడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి వేరుచేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఎవరి మాటలు వాళ్లకి చేర్చాడు గానీ, తన మాట ఒకటి ఎవరికైనా చెప్పుకున్న పాపాన పోలేదు.

ఇంక చూడండి కళాపోషణ! డైరెక్టరు కారు దిగే సీను ఎంత నిదానంగా పెట్టాడంటే, ఆ కాలు నేల మీద ఆనేలోగా మనం వెళ్లి టీ తాగి రావచ్చు. పెళ్లికూతురి మొహం గులాబీలోంచి మొలుస్తుంది. అతని మొహం ఏకంగా సూర్యుడిలోంచి ఉదయిస్తుంది.

ఒక్కటే చిక్కు — పెద్దావిడ. ఎక్కడ చూసినా అడ్డం! ఉంగరాలు తొడుక్కునేచోట ఆవిడ భుజం. అందరూ వరసగా నిలబడ్డచోట ఎవరికో మంచినీళ్లందిస్తూ ఆవిడ చెయ్యి. అతను కెమెరాకేసి ఓరగా చూసి నవ్విన మహత్తర ఘట్టంలో, "బాబూ, నీ చొక్కా గుండీ ఊడింది" అంటూ ఏకంగా ఆవిడే.

తీసేశాడు. ముక్క ముక్కనీ కత్తిరించి తీసేశాడు. అంతటితో ఊరుకున్నాడా, కంప్యూటరులో చోటు చాలడం లేదని ఆవిడ అడ్డొచ్చిన క్లిప్పులన్నీ మొత్తానికే చెరిపేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, హమ్మయ్య అనుకున్నాడు.

భార్యకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. "ఆదివారం చుట్టాలందరితో కలిసి చూద్దువుగాని. సర్‌ప్రైజ్!" మావగారు ఒకసారి చూద్దామని వచ్చి మౌసు మీద చెయ్యేస్తే, "అయ్యో ముట్టుకోకండి మావయ్యా! ఒక్క మీట తప్పు పడిందంటే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే" అని అరిచాడు. ఆయన కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమీ అనుకోలేదు.

అదుగో, అలాంటి రోజుల్లో వచ్చింది ఇస్త్రీ ఆయన కబురు.

"దెయ్యమా!" పగలబడి నవ్వాడు డైరెక్టరు. "ఏ దెయ్యమైనా తిన్నావా అని అడుగుతుందా? తింటానంటుంది గానీ!"

కానీ మర్నాడు సందు అవతలింటి టైలరమ్మ కూడా విన్నానంది. ఆ తర్వాత పాలావిడ. అదే గొంతు. ఆగి ఆగి... ఆగి ఆగి... "తిన్నావురా? ... ఇలా రా... తిన్నావురా?" టైలరమ్మ తన కిటికీకి అట్ట పెట్టి మేకులు కొట్టి బిగించేసింది.

భార్య ఆ మాట విని నవ్వలేదు. "నాయనమ్మే అయితే బాగుణ్ణు" అని మాత్రం అంది.

డైరెక్టరు ఆ రోజునుంచి రాత్రి భోజనమయ్యాక వెనక గదిలోకి వెళ్లడం మానేశాడు. భయమా? ఛ ఛ! కళ్లకి విశ్రాంతి ఉండాలని ఎక్కడో చదివాడట.

ఆదివారం రేపనగా, వీడియో అందరికీ పంచడానికి పెన్‌డ్రైవులు కొనాలని షోరూములో చెప్పి ముందే బయల్దేరాడు. కొని వచ్చేసరికి ఇంటి ముందు వీధి గొట్టాల కోసం తవ్వి పోశారు. దాటే దారి లేదు. చీకటి పడింది. ఇక ఉన్నది వెనక సందే.

"మనకేంటి" అనుకున్నాడు, పైకే. ఎందుకు పైకి అనుకున్నాడో తెలీదు.

స్కూటరు దాటాడు. మొదటి ఇల్లు... రెండో ఇల్లు... తలెత్తకూడదనుకున్నాడు. అలా అనుకున్నవాడెవడు ఎత్తకుండా ఉన్నాడు గనక?

కిటికీ రెక్క తీసి ఉంది. గదిలో దీపం లేదు. నీలం వెలుగు... ఆ వెలుగులో, బీరువా అద్దం నిండా —

పెద్దావిడ!

సరిగ్గా అతనికేసే చూస్తోంది. కళ్లజోడు పైకి తోసుకుంది. పెదవులు కదిలాయి.

"తిన్నావురా?"

డైరెక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. కంప్యూటరా? కాదు... కంప్యూటరులో ఆవిడ లేదు! తన చేత్తో తనే చెరిపాడు. ఒక్క వెంట్రుక మిగల్చలేదు. మరి ఇదెవరు? ఎక్కడినుంచి వచ్చింది?

"ఇలా రా... తిన్నావురా?"

"తి... తిన్నానండీ" అన్నాడు డైరెక్టరు.

పెరటి తలుపు కిర్రుమంది. కెవ్వుమన్నాడు. చేతిలో సుద్దముక్కతో భార్య.

"ఎవరికి చెప్తున్నావు తిన్నానని? ఇంకా అన్నమే ఉడకలేదు. ట్యూషన్ పిల్లల్ని ఇప్పుడే పంపించాను. నాన్న నీకు ఎదురొచ్చారా? ఇంట్లో కనబడటం లేదు."

"లే... లేదు. నేను చూస్తాలే" అన్నాడు. పెళ్లాం ముందు పరువు, వెనక దెయ్యం. పరువే గెలిచింది, బొటాబొటిగా.

వెనక గది తలుపు దగ్గరికి వేసి ఉంది. వేలితో తోశాడు. చీకటి... నీలం వెలుగు... వెలుగు ముందు కుర్చీలో వంగిన వీపు ఒకటి. కదిలింది. కుర్చీ మూలిగింది.

"ఎ... ఎవరు?"

వీపు ఇటు తిరిగింది.

మావగారు.

దొంగతనంగా పంచదార బొక్కుతూ దొరికిపోయిన పిల్లాడిలా గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన వెనక తెర మీద పెద్దావిడ. పక్కనున్న బీరువా అద్దంలో మళ్లీ పెద్దావిడ.

"నీదేదీ ముట్టుకోలేదు బాబూ. ఒట్టు. ఇదొక్కటే... ఆరోజు నేను తీస్తే, నా ఫోనులోంచి నువ్వే ఎక్కించావుగా, అది. ఫోను నీళ్లల్లో పడి పాడయింది కదా, అందుకని..."

డైరెక్టరు తెరకేసి చూశాడు. మావగారి వణికే చేతులు తీసిన క్లిప్పు అది. తెరిచి చూడనైనా చూడకుండా "పనికిరానివి" అని పేరు పెట్టి ఓ మూల పడేశాడు. చెరపడం మర్చిపోయాడు.

ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితోపాటు ఛాతీ కూడా ముందుకొచ్చింది. "ఓస్, ఇంతేనా! నాకు ముందే తెలుసులెండి" అని నవ్వాడు. "అయినా ఇదేం చూస్తారు మావయ్యా? అంతా ఊగిపోతోంది. నిండా నాలుగు మాటలు లేవు."

మావగారు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం అల్లుడు అదే వినడం.

"పెళ్లిరోజు అందరూ నన్ను ఏదో ఒకటి అడిగారు బాబూ. కారేదీ, నీళ్లేవీ, కుర్చీలు చాల్లేదేం... పెళ్లికూతురి తండ్రిని కదా, అడుగుతారు మరి. అన్నం తిన్నావా అనడిగింది మా అమ్మ ఒక్కతే. నేను 'ఉండవే' అంటూ ఫోను పట్టుకుని తీస్తూ ఉండిపోయాను." కళ్లజోడు పెట్టుకున్నాడు. "పోనీలే, మిగతావన్నీ నీ దగ్గర భద్రంగా ఉన్నాయిగా. రేపు ఎలాగూ చూస్తాం. ఉంగరాలప్పుడు అమ్మ పక్కనే నిలబడింది చూడు, కొత్తబట్టల్లో... అది వస్తుంది కదూ?"

డైరెక్టరు నవ్వు ఆగిపోయింది.

బీటలు పడ్డ టైలుని కొత్త డిజైనని అమ్మగలిగిన మనిషి. ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. వైరస్ అనొచ్చు, కరెంటు అనొచ్చు.

"లేదు మావయ్యా."

"ఏది?"

"ఏదీ... నాయనమ్మగారివి ఏవీ లేవు. చెరిపేశాను. చోటు చాల్లేదని."

మావగారు అల్లుడికేసి చూడలేదు. తెరకేసే తిరిగాడు. చాలా నెమ్మదిగా అన్నాడు —

"ఆవిడ ఎంత చోటు తీసుకుంటుందని బాబూ?"

గుమ్మంలో అలికిడయింది. భార్య. ఎప్పటినుంచి నిలబడిందో!

"ఉంగరాల దగ్గరదీ తీసేశావా?" అంది. గుసగుసగానే అంది.

సందులో దెయ్యాన్ని చూసినప్పుడు కూడా అతని వెన్ను అంత చల్లబడలేదు.

ఆదివారం వీడియో ఎవరూ చూడలేదు. ఆ సందు పేరు మాత్రం ఇంకా చెడింది. ఎందుకంటే ఆ రాత్రి నుంచి మూడో ఇంటి కిటికీలో ఇంకో గొంతు మొదలైంది. మగగొంతు. మొదట ధీమాగా, తర్వాత బతిమాలుతూ, చివరికి ఏడవలేక... ఎన్ని ఊళ్లలో ఎంతమంది చుట్టాలున్నారో, అందరికీ ఒకే మాట —

"నేనండీ, అల్లుణ్ణి... మీ ఫోనులో పెద్దావిడ ఉన్నదేమైనా మిగిలిందేమో చూస్తారా? ... ఒక్కసారి సరిగ్గా చూడండి... భుజమైనా చాలు... చెయ్యైనా చాలు..."

అవతలివాళ్లదీ ఒకే జవాబట. "అన్నీ నీ దగ్గరున్నాయి కదా బాబూ, మేం ఎప్పుడో తీసేశాం."