లోపల కూడా పసుపే

శవం పక్కన పడి ఉన్న చైన్ సా నిగనిగలాడుతోంది.

పసుపు రంగు. నిన్ననే ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది. దాని మీద నెత్తురు, నెత్తురుకి అంటుకున్న రంపప్పొట్టు.

టైమ్ తొమ్మిదిన్నర. చనిపోయినవాడు ఇరవై ఏళ్లుగా చెట్లు కొట్టి బతుకుతున్నవాడు. గోడౌన్ వెనక ఎండిన చెట్టును కోస్తుండగా రంపం మాను మీంచి వెనక్కి ఎగిరింది. మెడ మీద పడింది. అరవడానికి కూడా వ్యవధి లేదు.

ఎస్సై మోకాళ్ల మీద కూర్చుని చూసింది. "కొత్తదా?"

"సెకండ్ హ్యాండ్ మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "గ్యారంటీ షాపులో కొన్నారట. పాతవి బాగుచేసి అమ్ముతాడు. ప్రతి మాటకీ గ్యారంటీ అంటాడని అందరూ అలాగే పిలుస్తారు. ఆయన గ్యారంటీ గుమ్మం దాటేవరకే."

ఇంతలో గేటు దగ్గర కేక.

చనిపోయినవాడి భార్య పరిగెత్తుకొచ్చింది. భర్త వైపు వెళ్లలేదు. బావతో పనికొచ్చి, ఇప్పుడు గోడకి ఆనుకుని నిలబడ్డ తన తమ్ముడి మీదకి వెళ్లింది. చెంప ఛెళ్లుమంది.

"బ్రేకు పీకేశావట కదరా! పని తొందరగా తెమలాలని మీ బావ ప్రాణం తీశావా?"

"అక్కా, నేను తియ్యలేదు..."

"నోర్ముయ్! షాపాయన ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. ఇక నా గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను!"

ఎస్సై రంపం చేతిలోకి తీసుకుంది. పిడి ముందు అడ్డంగా లివర్ ఉంది. రంపం ఎగిరితే చెయ్యి దానికి తగులుతుంది. లోపలి ఉక్కు బ్యాండు బిగుసుకుని గొలుసును రెప్పపాటులో ఆపేస్తుంది. ఆపాలి.

లివర్ తోసింది. టక్ మంది.

రుమాలుతో పట్టుకుని గొలుసు లాగింది. హాయిగా తిరిగింది.

"మూత విప్పండి."

హెడ్ రెండు నట్లు తీసి పక్క మూత విప్పాడు. బ్యాండు ఉండాల్సిన చోట ఖాళీ.

"చూశారా!" అన్నాడు గోడౌన్ వాచ్‌మన్. "పొద్దున్న ఈ కుర్రాడే ఆ మూత విప్పాడు. నా కళ్లతో చూశాను."

"విప్పావా?" ఎస్సై అడిగింది.

"విప్పాను మేడమ్. గొలుసు వదులైతే మార్చాను."

"లోపల బ్యాండు ఉందా?"

"ఉండాలని నాకేం తెలుసు? మా పాత మిషన్‌కి బ్రేకే లేదు." అక్క వైపు చూశాడు. "బావకి చెయ్యి వణుకుతోందని, బ్రేకున్నది కొందామని నేనే పోరుపెట్టాను. షాపులో లివర్ టక్ మనిపించి చూపించాడు. నేను నమ్మాను."

అక్క మొహం తిప్పేసుకుంది.

*

షాపులో గ్యారంటీ కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింక్ తెప్పించబోయాడు. ఎస్సై కూర్చోలేదు. తాగలేదు.

గోడ నిండా పసుపు రంపాలు. మూల మెకానిక్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని గొలుసు పళ్లు ఆకురాయితో సానపడుతున్నాడు.

"ఇచ్చేటప్పుడు బ్రేకు ఉందా?"

"గ్యారంటీగా ఉంది మేడమ్! ఈ చెట్లు కొట్టేవాళ్ల సంగతి మీకు తెలీదు. మాటిమాటికీ పడిపోతోందని బ్రేకు పీకి పారేస్తారు. ప్రాణం పోయాక మా మీద పడి ఏడుస్తారు."

"రిపేరు ఎవరు?"

"మా మెకానిక్కే. విప్పుతాడు, కడుగుతాడు, పిస్టన్ రింగు మారుస్తాడు. రంగు మాత్రం నాదే. ఆ పసుపు నేనే కలుపుతాను. స్ప్రే గన్ ఇంకొకడి చేతికివ్వను."

"పైపైనేనా?"

"అదేం మాట! లోపల కూడా. విప్పి చూసినవాడు సైతం కొత్తదే అనాలి. ఒంటిచేత్తో చేస్తాను. గ్యారంటీ!"

మెకానిక్ చేతిలో ఆకురాయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

ఎస్సైకి అరికాలి మంట నెత్తికెక్కింది. హెడ్ వైపు తిరిగింది.

"ఆ అక్కాతమ్ముళ్లిద్దర్నీ ఇక్కడికే తీసుకురండి."

*

నాలుగింటికి అందరూ షాపులో ఉన్నారు. అక్క ఒక మూల, తమ్ముడు ఇంకో మూల. మధ్యలో కౌంటర్ మీద రంపం మూత.

"ఇది గాడి," అంది ఎస్సై, మూత లోపల వేలు పెట్టి. "బ్యాండు ఇందులో కూర్చుంటుంది. ఉక్కు బ్యాండు. ఇప్పుడు చూడండి."

జీపు తాళంచెవితో గాడిలో మెల్లగా గీసింది. పసుపు లేచిపోయి తెల్లటి లోహం బయటపడింది.

"తాళంచెవికే లేచిపోయింది. బ్యాండు ఒక్క పూట ఉన్నా ఈ గాడి అంతా గీరుకుపోవాలి. నేను గీసింది తప్ప ఇందులో గీతే లేదు. అంటే, రంగు వేసిన తర్వాత ఇందులో బ్యాండు పెట్టనే లేదు. ఈ కుర్రాడు లేనిదాన్ని ఎలా పీకుతాడు?"

అక్క తలెత్తింది.

గ్యారంటీ మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. "దరిద్రుడా! బ్యాండు పెట్టడం మర్చిపోయావా? నా పరువు తీశావు కదరా! మేడమ్, నాకేమీ తెలీదు!"

"తెలీదా?" ఎస్సై గొంతు లేవలేదు. "ఆ మూత నేను విప్పించేసరికి ఈవిడ అక్కడే ఉంది. నీ ఫోన్ అందుకునే వచ్చింది. రంపం ఎగిరిందనే ఊళ్లో అందరూ విన్నారు. లోపల బ్యాండు లేదని ఎవరూ చూడలేదు. మాకంటే ముందు నీకెవరు చెప్పారు?"

గ్యారంటీ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

ఆకురాయి నేల మీద పడింది.

"బ్యాండ్లు విరిగిపోయి వచ్చాయమ్మా," అన్నాడు మెకానిక్. "కొత్తవి తెప్పించాలంటే నెల పడుతుందన్నాను. ఈయనేమో లివర్ టక్ మంటే చాలు, లోపలికి తొంగి చూసే మొనగాడెవడన్నాడు."

"నువ్వెందుకు చెప్పలేదు? నీ చేత్తో బిగించావుగా?"

మెకానిక్ యజమాని వైపు చూశాడు.

"చేసినవాడితో పాటు చూసి ఊరుకున్నవాడూ దోషే! హెడ్, ఇద్దర్నీ జీపెక్కించండి."

అక్క గ్యారంటీకి అడ్డంగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నారు అందరూ. కొట్టలేదు.

"నా మొగుణ్ణి చంపావు. చాలక, తమ్ముణ్ణి కూడా నా చేతే చంపించబోయావు."

అంతే. పక్కకి తప్పుకుంది. అప్పుడు మెకానిక్‌ని చూసి అడిగింది. "బ్యాండ్లు అన్నావు. ఇంకా ఎన్ని అమ్మారు?"

మెకానిక్ కళ్లు దించుకున్నాడు. "అయిదో ఆరో..."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. పొద్దున కొట్టిన చెంప ఇంకా కందే ఉంది.

"ఈ పసుపు మిషన్లు ఎవరెవరి దగ్గరున్నాయో నీకు తెలుసా?"

"తెలుసక్కా. అందరూ మనతో పని చేసేవాళ్లే."

"అయితే ఏడుపు తర్వాత. పద, దారి చూపించు. వాళ్ల చేతుల్లోంచి లాక్కుందాం."

గుమ్మంలో ఆమె కాలు ఆగిపోయింది. తమ్ముడి కాలూ ఆగింది.

రెండు వీధుల అవతల ఎక్కడో రంపం మోగుతోంది.

ముందు పరిగెత్తింది తమ్ముడు. వెనకే అక్క. జీపు తాళంచెవి హెడ్ చేతిలో పడేసి ఎస్సై కూడా పరుగందుకుంది.