రొట్టె బాగాలేదని ఎవరన్నారు?

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో స్నిగ్ధ చెప్పిన అబద్ధానికి నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనుంటే ఇంకాస్త పెద్దదే చెప్పేదాన్ని.

ఎందుకంటారా? ఆదివారం మధ్యాహ్నం. జహీరాబాద్‌లో స్నిగ్ధ వాళ్లిల్లు. ఆకలితో కడుపు కాలిపోతోంది. ఎదురుగా పళ్లెంలో జొన్నరొట్టె చల్లారిపోతోంది. ముట్టుకోవడానికి లేదు.

"ఇంటికొచ్చిన మనిషి తినకముందే తింటవా? జర ఆగు," అంది అమ్మ బాలమణి, పొయ్యి ముందు ఇంకో రొట్టె కొడుతూ.

ఆ ఇంటికొచ్చిన మనిషి పేరు మెరోన్. ఇథియోపియా నుంచి వచ్చింది. దగ్గర్లోని ఝరాసంగం పొలాల్లో చిరుధాన్యాల మీద మూడు నెలల ఇంటర్న్‌షిప్. ఉండేది స్నిగ్ధ వాళ్లింట్లో. అంటే స్నిగ్ధ గదిలో, స్నిగ్ధ మంచం మీద, స్నిగ్ధ కూలర్ ముందు! స్నిగ్ధకేమో హాల్లో చాప. పక్కన తాత గురక, ఫ్రీ.

అది చాలదన్నట్టు ట్రాన్స్‌లేటర్ ఉద్యోగం ఒకటి. అమ్మకు ఇంగ్లీషు రాదు, మెరోన్‌కు తెలుగు రాదు. ఆరో తరగతి స్నిగ్ధకు రెండూ వచ్చు. జీతం లేదు.

మెరోన్ తినకుండా వంటింటి వైపే చూస్తోంది.

"మీ అమ్మగారు కూర్చోకుండా నేనెలా తినేది? మా ఇంట్లో వండినవాళ్లతో కలిసి ఒకే పళ్లెంలో తింటాం. ఆవిడ తిన్నారేమో అడుగు," అంది ఇంగ్లీషులో.

"ఏమంటుంది బిడ్డా?" అంది అమ్మ.

స్నిగ్ధకు ఒళ్లు మండింది.

"రొట్టె మంచిగ లేదంట."

మెరోన్ వైపు తిరిగి, "అమ్మ ఎప్పుడో తినేసింది," అని ఇంగ్లీషులో చెప్పేసింది.

మెరోన్ తినడం మొదలుపెట్టింది. అమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి.

మర్నాడు మెరోన్ పళ్లెంలో బ్రెడ్డు. ఆ మర్నాడూ బ్రెడ్డే. బుధవారం అమ్మ ఫోన్ తీసింది. మెరోన్‌ను తెచ్చి దింపిన స్నేహ మేడంతో, "మా ఇల్లు ఇరుకైతుంది మేడం. ఆ పిల్లకు ఇంకో మంచి ఇల్లు చూడున్రి," అంది. రొట్టె మాటే ఎత్తలేదు.

అబద్ధం పట్టుబడలేదు. గది వెనక్కొస్తోంది. స్నిగ్ధ గంతులెయ్యాలి కదా? కాళ్లు కదల్లేదు.

గురువారం బడికి సెలవు. మూడింటికి మెరోన్ బ్యాగు సర్దుకుని, చెప్పి వెళ్దామని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది. లోపల అమ్మ ఒక్కతే కింద కూర్చుని, విరిగిన రొట్టెలో తొక్కు నంజుకుని తింటోంది.

మెరోన్ గిర్రున, వెనకే వచ్చిన స్నిగ్ధ వైపు తిరిగింది. "ఇప్పుడా తింటున్నారు? ఒక్కరే? ఆదివారం 'ఎప్పుడో తినేసింది' అన్నావుగా!"

"ఏమంటుంది?" అంది అమ్మ కంగారుగా.

'బై చెప్తోంది' అంటే సరిపోయేది. స్నిగ్ధ నోరు ఒప్పుకోలేదు.

"రొట్టె మంచిగ లేదని ఆమె అన్లే అమ్మా! నేనే అన్న. నువ్వు తిన్నవా అని అడిగింది. నువ్వు కూసోకపోతే తిననన్నది!"

అమ్మ దిగ్గున లేచింది. "నువ్వా? నాలుగు దినాల సంది నాతోని బ్రెడ్డు పెట్టిస్తున్నవా?"

"నా రూం ఇచ్చేసిన్రు! నన్నొక్కసారన్న అడిగిన్రా?"

అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "అడగలె. అది నా తప్పే. గని నువ్ చేసిందేంది?"

స్నిగ్ధ మెరోన్ వైపు తిరిగింది. జరిగిందంతా మెరోన్‌కూ ఇంగ్లీషులో చెప్పింది.  మెరోన్ ఆమె వైపు చూడలేదు. బ్యాగు గోడకు పెట్టి, అమ్మను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. అమ్మ పళ్లెంలోంచే ఓ ముక్క తుంచుకుంది.

స్నిగ్ధ పొయ్యి వెలిగించింది. "మీరిద్దరు కూసోన్రి. నేను కొడ్త."

మొదటి రొట్టె రెండు ముక్కలైంది. రెండోది అట్టముక్కంత మందంగా వచ్చింది. దాన్ని అమ్మ పళ్లెంలో వేసింది. మెరోన్ కొరికి, మొహం ముడిచి ఏదో అంది.

"ఏమంటుంది?"

స్నిగ్ధ పొయ్యి మంట తగ్గించింది. "ఒక దిక్కు మాడిందంట. ఇంకో దిక్కు పచ్చిగ ఉందంట."

అని, ఇంకో పిండిముద్ద చేతిలోకి తీసుకుంది.

మరి మీరు? కోపంలో ఎప్పుడైనా ఒకరి మాటను మార్చి ఇంకొకరికి చెప్పారా? తర్వాతేమైంది? నాకు రాయండి. మీ అమ్మకు చెప్పన్లెండి. కానీ మార్చకుండా రాయాలి!